ట్యాంకు కొలతల కంటే ముందు మట్టిని చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఇల్లు కట్టుకునేవాళ్ల కోసం మీరు వేసే పేజీలో ఈమధ్య సెప్టిక్ ట్యాంకు గురించి రాశారు. ఇంట్లో ఎంతమంది ఉంటే ట్యాంకు ఎంత పొడవు, ఎంత లోతు, ఎన్ని గదులు ఉండాలో పట్టిక వేసి మరీ చెప్పారు. మట్టి మాట ఎక్కడో ఒకచోట వస్తుందని చివరిదాకా చదివాను. రాలేదు. 'ట్యాంకు నుంచి వచ్చే నీటిని సోక్ పిట్‌లోకి (ఇంకుడు గుంతలోకి) వదిలితే సరిపోతుంది' అని ముగించారు. ఈ ఉత్తరం ఆ ఒక్క వాక్యం గురించే.

నేను ఇరవై ఎనిమిదేళ్లు భూసార పరీక్షా కేంద్రంలో పనిచేసి రిటైరయ్యాను. రైతులు సంచుల్లో తెచ్చిన మట్టిని ఎన్ని వేలసార్లు పరీక్షించానో లెక్కలేదు. సొంత ఇల్లు కట్టేటప్పుడు మాత్రం ఆ పని కాంట్రాక్టరుకు వదిలేశాను. 'అందరికీ ఇదే సార్, పది అడుగులు తవ్వి వరలు దింపేస్తాం, ఇక చూసుకోనక్కర్లేదు' అన్నాడు. రెండు వానాకాలాలు బాగానే గడిచాయి. మూడో ఏడు ముసురు పట్టినప్పుడు ఒక రాత్రి బాత్‌రూమ్ జాలీలోంచి గుడగుడమని చప్పుడు మొదలైంది. తెల్లారేసరికి నల్లటి నీళ్లు గచ్చు మీదికి వచ్చేశాయి. ట్యాంకరు పిలిచి అంతా తోడించాం. నాలుగు రోజులకే సోక్ పిట్ మళ్లీ నిండింది. ఇంట్లో అన్ని నీళ్లు వాడనే లేదు. భూమిలోని నీరే గుంతలోకి ఊరి వస్తోందన్నమాట. ఊరి వచ్చే దారి ఉంటే మా మురుగు బయటికి పోయే దారి కూడా అదే. మా బోరు అక్కడికి ఎంతో దూరం లేదు. ఆ రోజు పట్టిన టెన్షన్ చాలా నెలలు వదల్లేదు.

సెప్టిక్ ట్యాంకు చేసేది సగం పనే. బరువైనవి అడుక్కి చేరి మడ్డి అవుతాయి, జిడ్డు పైన తెట్టు కడుతుంది, మధ్యలో ఉన్న నీరు బయటికి పోతుంది. ఫ్రాన్స్‌లో మూరా అనే ఆయన 1881లో పేటెంటు తీసుకున్న పెట్టె చేసిందీ ఇదే, ఇప్పటి ట్యాంకు చేసేదీ ఇదే. బయటికి వచ్చే నీరు కాస్త తేటగా కనిపించినా రోగాలు తెచ్చే క్రిములు అందులో కోట్లలో ఉంటాయి. వాటిని వడగట్టేది, పట్టి ఉంచేది, చంపేది మట్టి. అదీ గాలి ఆడే మట్టి అయితేనే. నీరు మట్టి రేణువులను అంటుకుంటూ పలచని పొరగా మెల్లగా దిగాలి. అందుకే చాలా దేశాల నిబంధనల్లో మురుగు దిగే చోటుకూ భూగర్భ జలం పైమట్టానికీ మధ్య రెండు నుంచి నాలుగు అడుగుల పొడి మట్టి ఉండాలని రాసుకున్నారు. పది అడుగుల గొయ్యి ఆ పొడి మట్టిని దాటేసి మురుగును తిన్నగా నీటి దగ్గరికి తీసుకుపోతుంది. పై రెండు మూడు అడుగుల్లోనే గాలి, వేళ్లు, మేలు చేసే సూక్ష్మజీవులు ఎక్కువ. లోతైన గొయ్యి కంటే, మురుగును నేలలోకి ఇంకించే లోతు తక్కువ కందకాలు మేలని అందుకే చెబుతారు.

వానలు తగ్గి ఎండలు ముదిరాక పెరట్లో నడుం లోతు గొయ్యి తీయించి, నేనే లోపలికి దిగి గోడను చాకుతో గీరి చూశాను. పైన రెండు అడుగులు ఎర్ర గరప, అంటే ఇసుక, బంక కలిసిన మట్టి, చేత్తో నలిపితే చిన్న చిన్న పలుకులుగా విడిపోయింది. దాని కింద బంక. ఆ బంకలో బూడిద రంగు మట్టి మధ్య తుప్పు మరకలు, చిన్న చిన్న చుక్కలుగా మొదలై కిందికి పోయేకొద్దీ చిక్కగా ఉన్నాయి. గొయ్యిలో చుక్క నీరు లేదు, అయినా వానాకాలంలో నీరు ఎంత ఎత్తుకు వచ్చి నిలుస్తుందో ఆ గోడ చెప్పేసింది. నీరు నిలిచి గాలి అందనప్పుడు మట్టిలోని ఇనుము కరిగి కదులుతుంది, అది పోయిన చోట మట్టి బూడిద రంగుకు తిరుగుతుంది. నీరు తగ్గి మళ్లీ గాలి తగిలిన చోట తుప్పై పేరుకుంటుంది. ఏళ్ల తరబడి జరిగినదాని గుర్తు అది. ఈ గొయ్యి పునాదులకు ముందు తీసి ఉంటే వరలు దింపనిచ్చేవాణ్ణి కాదు.

చేత్తో చేసే పరీక్ష ఎవరైనా చేయవచ్చు. పిడికెడు మట్టిని తడిపి, ముద్ద చేసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ పట్టీలా సాగదీయాలి. ముద్దే కట్టకపోతే ఇసుక. అంగుళం లోపు తెగితే గరప. రెండు అంగుళాలు దాటి సాగితే బంక. ఇసుక నేల అనగానే చాలామంది సంతోషిస్తారు కానీ మరీ త్వరగా తాగే నేల కూడా మంచిది కాదు. మురుగు శుభ్రపడే లోపే కిందికి జారిపోతుంది.

నేల నీటిని ఎంత వేగంగా తాగుతుందో నీళ్లు పోసి చూసే పరీక్ష 1920ల్లో న్యూయార్క్ రాష్ట్రంలో హెన్రీ రయాన్ అనే ఇంజనీరు చేసిన పని నుంచి వచ్చింది. గుంత తీసి, గోడలు గీరి, ముందురోజే నీళ్లు పోసి నానబెట్టాలి. మర్నాడు మళ్లీ పోసి అంగుళం నీరు దిగడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూడాలి. గంట దాటితే మామూలు కందకాలకు ఆ నేల పనికిరాదని ఎన్నో చోట్ల లెక్క. నానబెట్టడం మానేస్తే ఈ పరీక్ష నిలువునా మోసం చేస్తుంది. నల్లరేగడి నేలలో మండుటెండల్లో బకెట్టు నీళ్లు పోస్తే క్షణంలో మాయమవుతాయి. అవి పగుళ్లలోకి పోయిన నీళ్లు. నాలుగు వానలు పడి మట్టి ఉబ్బాక అదే గుంతలో నీళ్లు తెల్లారినా కదలవు. పైగా మనం పోసేది మంచినీరు. మురుగు దిగే చోట కొన్నాళ్లకు నల్లటి జిగట పొర పేరుకుని, నేల తాగే వేగం బాగా పడిపోతుంది. అందుకే నిమిషాల లెక్క ఒక్కటే నమ్ముకోకూడదు. మట్టి రంగు, నిర్మాణం, పొరలు కూడా చూడాలి.

ఇంకో సంగతి, ఇది నా ఉద్యోగం నేర్పింది. బట్టల సబ్బు పొడుల్లో సోడియం ఎక్కువ. చవుడు నేలలు ఎందుకు గట్టిపడి నీరు తాగవో తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. సోడియం బంకమట్టి రేణువులను విడగొట్టి సందులు మూసేస్తుంది. బంక నేలలో ఉన్నవాళ్లు ఆ పొడి ఎంత వాడుతున్నారో చూసుకోవాలి.

జాగా లెక్క కూడా మట్టే తేలుస్తుంది. ఐదుగురున్న ఇంట్లో మనిషికి రోజుకు వంద లీటర్లు అనుకుంటే 500 లీటర్ల మురుగు. ఇసుక పాలు ఎక్కువున్న నేల చదరపు మీటరుకు రోజుకు సుమారు 30 లీటర్లు తీసుకుంటే 17 చదరపు మీటర్లు చాలు. బంక పాలు ఎక్కువై 10 లీటర్లే తీసుకుంటే 50 కావాలి. ట్యాంకు మాత్రం రెండు ఇళ్లకూ ఒకటే సైజు!

ఇక మట్టి ఒక్కటే సరిపోని చోట వాడే యంత్రాల సంగతి. గాలి ఊది శుభ్రం చేసే యూనిట్లు మంచివే, నీరు చాలా మెరుగ్గా వస్తుంది. కానీ కరెంటు పోయి చాలాసేపు గాలి అందకపోయినా, మడ్డి తీయకపోయినా అది మళ్లీ మామూలు సెప్టిక్ ట్యాంకు స్థాయికి పడిపోతుంది. జపాన్‌లో ఇలాంటి వాటికి 1983లో ప్రత్యేకంగా చట్టం చేసి ఏటా తనిఖీని తప్పనిసరి చేశారు. చూసుకునే మనిషి లేని ఇంటికి దీన్ని అంటగట్టడం తప్పు. కంకర పరిచి మొక్కలు నాటి, మురుగును దాని గుండా పంపే పడకకు కరెంటు అక్కర్లేదు గానీ జాగా కావాలి. నీటిమట్టం పైనే ఉన్న చోట నేల మీదే ఇసుక దిబ్బ పోసి, పంపుతో కొంచెం కొంచెంగా నీరు వదిలే పద్ధతి ఉంది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో 1970ల్లో దీని మీద చాలా పని జరిగింది. నేను చివరికి ఎంచుకున్నది ఇదే. ఇసుక పోయకముందు అడుగు నేలను గుల్ల చేయాలి, దాని మీదికి ఏ బండీ ఎక్కకూడదు. ఒక్కసారి ట్రాక్టరు తొక్కినా కింద సందులు మూసుకుపోతాయి. ఆ రెండు రోజులూ నేనే కాపలా కూర్చున్నాను.

ఎంత మంచి మట్టి అయినా మురుగులోంచి వచ్చే నైట్రేట్ అనే లవణాన్ని పెద్దగా ఆపలేదు. అది నీటితోపాటే దిగిపోతుంది. మా బోరు నీటిలో ఎక్కువే వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు లీటరుకు 50 మిల్లీగ్రాములు. కాచినా పోదు, నీరు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. డబ్బా పాలు తాగే పసిపిల్లల రక్తం ఆక్సిజన్ మోయలేని పరిస్థితి దీనివల్ల రావచ్చు. మనవరాలు పుట్టినప్పుడు పాలు కలపడానికి నీళ్లు వేరే చోటు నుంచి తెచ్చుకున్నాం. ఇళ్లు దగ్గర దగ్గరగా ఉండి, ఎవరి బోరు వాళ్లకున్న చోట ఈ సంగతి తప్పకుండా రాయండి.

మా పెరటి గొయ్యి గోడ ఫొటో ఈ ఉత్తరంతో పంపుతున్నాను. కొలతకు పక్కన అడుగుల బద్ద పెట్టాను. తుప్పు మరకలు మొదలైన చోట సుద్దతో గీత గీశాను. ఆ పట్టికను మళ్లీ వేసేటప్పుడు దాని పక్కన ఈ ఫొటో కూడా వేయమని కోరుతున్నాను.

ఇట్లు,
భూసార పరీక్షా కేంద్రం విశ్రాంత ఉద్యోగి, మీ పాఠకుడు