ప్రదర్శనకు ఇచ్చిన వస్తువుకు రసీదు కావాలి

సంపాదకులకు నమస్కారాలు.

మా ప్రాంతంలో ఉన్న చిన్న చరిత్ర మ్యూజియంలో సంక్రాంతి సెలవులకు ఒక తాత్కాలిక ప్రదర్శన పెట్టదలచుకున్నారని, అందుకోసం ఇళ్లలో మిగిలి ఉన్న పాత వస్తువులను నెల రోజుల పాటు ఇవ్వవలసిందిగా చుట్టుపక్కల గ్రామాల వారిని కోరుతున్నారని తెలిసి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ ప్రయత్నాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. అయితే వస్తువులు అడుగుతున్నవారు వాటిని ఏ కాగితం మీద తీసుకుంటారో, ఏ తేదీకి తిరిగి ఇస్తారో, మధ్యలో ఏదైనా జరిగితే ఎవరు జవాబు చెబుతారో ఇంతవరకు ఎక్కడా చెప్పలేదు. నేను అడుగుతున్నది ఆ ఒక్క విషయమే.

ఇరవై ఏళ్లకు పైగా ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పాను. ఏటా ఎనిమిదో తరగతి పిల్లలను ఆ మ్యూజియానికి తీసుకువెళ్లేదాన్ని. తల విరిగిన విగ్రహాలు, రెండు వీరగల్లులు (పోరులో చనిపోయిన వీరుల జ్ఞాపకార్థం నిలిపిన రాళ్లు), గాజు బీరువాలో కొన్ని నాణేలు, గోడకు ఒక పాత తుపాకీ అక్కడ ఉండేవి, ఇప్పటికీ ఉన్నాయి. అవి విలువైనవే. కాని మరుసటి ఏడు అదే పిల్లలను మళ్లీ రమ్మంటే "చూసేశాం టీచర్" అనేవారు, అందుకు వారిని తప్పుపట్టలేకపోయేదాన్ని. ఏళ్ల తరబడి ఒక్క వస్తువు కూడా చోటు మారని గదిలోకి మనిషి రెండోసారి ఎందుకు అడుగుపెడతాడు? అంతకంటే పెద్ద లోటు మరొకటి ఉంది. ఆ బీరువాల్లో వెయ్యేళ్ల కిందటి రాజులు ఉన్నారు గాని, మా అమ్మమ్మలు, తాతలు బతికిన నూరేళ్లు లేవు. ఆ నూరేళ్లు అటకల మీద, దూలాల సందుల్లో, ధాన్యపు గాదెల వెనుక ఉన్నాయి. వాటిని శాశ్వతంగా ఇచ్చేయమంటే ఎవరూ ఇవ్వరు, ఇవ్వనక్కరలేదు కూడా. నెల రోజులకు అరువు అడిగితే మాత్రం చాలామంది ఇస్తారు. అందుకే పల్లెటూరి చరిత్రకు తాత్కాలిక ప్రదర్శనకు మించిన దారి లేదని నమ్ముతున్నాను.

ఈ నెల్లూరు ప్రాంతంలో అటువంటి ప్రదర్శనకు విషయాలు కరువు కావు. గూడూరు, సైదాపురం, రాపూరు ప్రాంతాల గనుల్లో తవ్విన అభ్రకం ఒకప్పుడు విదేశాలకు ఎగుమతి అయ్యేది. విద్యుత్తును ఆపి, వేడిని తట్టుకునే గుణం ఉన్నందువల్ల రేడియో వాల్వులకు, విద్యుత్ పరికరాలకు దాని అవసరం ఎంతో ఉండేది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆ అవసరం మరీ పెరిగింది. తర్వాత వాల్వుల స్థానంలో ట్రాన్సిస్టర్లు వచ్చి, కృత్రిమ పదార్థాలు వచ్చి, గనులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. కాకిబంగారం అని మనం పిలుచుకునే ఆ రాతిని పొరలు పొరలుగా చీల్చి, కొలత ప్రకారం కత్తిరించి, మచ్చలు చూసి వేరుచేసిన ఆడవారి చేతిపని గురించి ఇప్పుడు అడిగి తెలుసుకోవాలంటే ఎనభై ఏళ్లు దాటిన కొందరే మిగిలారు. వారు వాడిన చిన్న కత్తి, కూలి రాసుకున్న చీటీ, జ్ఞాపకంగా దాచుకున్న అరచేయంత రేకు ఏ మ్యూజియంలోనూ శాశ్వతంగా చోటు సంపాదించుకోకపోవచ్చు గాని, ఒక నెల ప్రదర్శనలో ఆ మూడింటి పక్కనే ఆ అవ్వను కూర్చోబెట్టి మాట్లాడిస్తే పిల్లలకు ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేనిది తెలుస్తుంది.

నా మనసుకు మరింత దగ్గరైన విషయం సారా వ్యతిరేక ఉద్యమం. 1990ల మొదట్లో ఈ జిల్లాలో అక్షరాస్యత కార్యక్రమం నడిచినప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన ఉపాధ్యాయినిని. పగలు బడి, రాత్రి లాంతరు వెలుగులో పెద్దల తరగతి. పొలం పని ముగించుకుని, వంట చేసి, పిల్లలను నిద్రపుచ్చి వచ్చిన ఆడవారు పలక మీద మొదట తమ పేరు రాసుకున్నారు, ఆ తర్వాత వాచకంలో తాగుడు గురించిన పాఠం చదివారు, ఆ తర్వాత ఆ పాఠాన్ని ఊరి సారా అంగడి దాకా తీసుకువెళ్లారు. 1992లో దూబగుంట మహిళలు, అదే ఊరి రోశమ్మ ముందు నిలవగా, తమ ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. అక్కడినుంచి ఆ మాట జిల్లా అంతటా పాకి సారా వేలంపాటలు సాగనివ్వకుండా అడ్డుకునే దాకా వెళ్లింది. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఆ నిషేధం నిలవలేదన్నది వేరే సంగతి. నేను చెప్పదలచుకున్నది ఆనాటి వస్తువుల గురించి. ఆ వాచకాలు పలచటి కాగితం మీద అచ్చయినవి, చాలావరకు పాత పేపర్లతో పాటు తూకానికి పోయాయి. ఆ పలకలు పగిలిపోయాయి. వంకర అక్షరాలతో ఆడవారే రాసుకుని, వేలిముద్రకు బదులు సంతకాలు పెట్టిన అర్జీల నకళ్లు ఎవరి ట్రంకు పెట్టెల్లోనో ఉండి ఉంటాయి. ముప్పై ఏళ్లు నిండిన వస్తువును పురావస్తువు అని ఎవరూ అనరు కనుక దానిని కాపాడే బాధ్యత ఏ శాఖకూ ఉండదు. సంక్రాంతి ప్రదర్శనకు ఇదే విషయం తీసుకోవాలని నా విన్నపం. ఇంకో పదేళ్లు ఆగితే వస్తువులూ ఉండవు, వాటిని చూపించి మాట్లాడేవారూ ఉండరు.

ఇక రసీదు ఎందుకు అడుగుతున్నానో చెప్పాలి. కొన్నేళ్ల కిందట వేరే చోట ఇటువంటి ప్రదర్శనే ఒకటి జరిగింది. పాత కొలతల మీద ప్రదర్శన అన్నారు. నెల్లూరు మొలగొలుకుల వడ్లు పుట్ల లెక్కన పండిన నేల కనుక కొలత పాత్రలకు ఇక్కడ లోటు లేదు. 1956 నాటి తూనికలు, కొలతల చట్టం తర్వాత కిలోలు, లీటర్లు వాడుకలోకి వచ్చేదాకా గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం, తూములతోనే కొలుచుకున్నాం, ఇరవై తూములు ఒక పుట్టి అని పిల్లలు కూడా నోటికి చెప్పేవారు. నిర్వాహకులు అడిగితే నేను పనిచేసిన ఊళ్లో ఇంటింటికీ తిరిగి వస్తువులు పోగుచేశాను. ఒక అవ్వ తన అత్తగారి నాటి కుంచం ఇచ్చింది. చుట్టూ ఇత్తడి పట్టీలు, అడుగున అరిగిపోయిన ఇంటిపేరు మొదటి అక్షరం. కళ్లం మీద తొలి కొలత దానితోనే వేసి, ఆ గింజలను దేవుడి గదిలో పెట్టేవారట. నా మీద ఉన్న నమ్మకంతో ఇచ్చింది, కాగితం అడగలేదు. అడగవలసింది నేను. ప్రదర్శనకు జనం బాగా వచ్చారు, అందరం సంతోషించాం. ముగిసిన తర్వాత వస్తువులన్నీ ఒక గోనెసంచిలో తిరిగి వచ్చాయి. అందులో కుంచం ఉంది గాని అది అవ్వది కాదు. పట్టీలు ఇనుపవి, అడుగున అక్షరం లేదు. వెతికించాను, నాలుగుసార్లు వెళ్లి అడిగాను. ఎవరి దగ్గరా జాబితా లేదు, ఫొటో లేదు, ఏ వస్తువు ఏ ఇంటినుంచి వచ్చిందో రాసిన చీటీ లేదు. ఎవరో కావాలని తీశారని నేను అనుకోవడం లేదు. పోలిక తెలియక ఒకరిది మరొకరికి చేరి ఉంటుంది. అవ్వ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ ఇనుప పట్టీల కుంచం తీసుకుని లోపల పెట్టింది. ఆ ఊరివారు ఆ తర్వాత ఎవరికీ ఏ పాత వస్తువూ ఇవ్వలేదు. ఒక కుంచం పోవడంతో ఒక ఊరి చరిత్ర మొత్తం తలుపు వేసుకుంది.

రసీదు అంటే నేను పెద్ద దస్తావేజు అడగడం లేదు. కార్బన్ పెట్టి రెండు ప్రతులు రాయగల పుస్తకం చాలు. ఇచ్చినవారి పేరు, ఊరు, వస్తువు పేరు, దాని పొడవు వెడల్పులు, గుర్తులు, ఇచ్చేనాటికే ఉన్న పగుళ్లు, చిల్లులు, తిరిగి ఇచ్చే తేదీ, తీసుకున్న ఉద్యోగి సంతకం, ఇచ్చినవారి సంతకం లేక వేలిముద్ర అందులో ఉండాలి. ఫోను లేని మనిషి లేని ఈ రోజుల్లో వస్తువును నాలుగు వైపులా ఫొటో తీసి, ఒక ప్రతి అచ్చు వేసి రసీదుకు కుట్టి ఇవ్వడం కష్టం కాదు. వస్తువుకు దారంతో అంకె వేసిన అట్టముక్క కట్టాలి, ఎన్నడూ వస్తువు మీద జిగురు పూయకూడదు, పెన్నుతో రాయకూడదు. విరిగినా పోయినా ఏం చేస్తారో ముందే రాసి ఉండాలి, ఎందుకంటే పోయిన తర్వాత మాట్లాడుకునే మాటల్లో ఎప్పుడూ ఇచ్చినవాడిదే చిన్న గొంతు.

ఈ జాగ్రత్త పల్లె వస్తువులకే పరిమితం కాదు. దొనకొండ దగ్గర చందవరం బౌద్ధ స్థలం నుంచి దొంగతనంగా తరలిపోయిన ఒక సున్నపురాతి శిల్పఫలకం, బుద్ధుని ఆరాధకులను చెక్కినది, ఖండాలు దాటి ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ చేరింది, చివరకు 2016లో ఆ సంస్థ దానిని భారతదేశానికి తిరిగి ఇచ్చింది. ఇటువంటి సందర్భాల్లో ఒక వస్తువు మనదని నిరూపించడానికి మన చేతిలో ఉండేది పాత ఫొటో, నమోదు పుస్తకంలో రాసిన నాలుగు మాటలు మాత్రమే.

ఇళ్లలోని వస్తువులు బయటపెడితే ప్రభుత్వం తీసేసుకుంటుందేమోనన్న భయం కూడా చాలామందికి ఉంది. దాన్ని మ్యూజియం వారే పోగొట్టాలి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం భూమిలో దాగి ఉండి బయటపడిన విలువైన వస్తువులకు సంబంధించినది, తరతరాలుగా వాడుకుంటూ వచ్చిన కుంచానికి, తిరగలికి దానితో పనిలేదు. 1972 నాటి పురావస్తువుల చట్టం సాధారణంగా నూరేళ్లు నిండిన వస్తువులను, వ్రాతప్రతుల విషయంలో 75 ఏళ్లు నిండినవాటిని పురావస్తువులుగా లెక్కిస్తుంది, వాటిలో కొన్ని రకాలను నమోదు చేయించమంటుంది. నమోదు అంటే స్వాధీనం కాదు. ఈ నాలుగు వాక్యాలు రసీదు వెనుక అచ్చువేస్తే చాలామంది తాటాకు గ్రంథాలను ధైర్యంగా బయటికి తీస్తారు.

తీసిన వస్తువు చెడకుండా చూడడం ఆ తర్వాతి పని. వెంకటగిరి నేత చీరలు, కాగితాలు, తాటాకులు ఎక్కువ వెలుతురు తట్టుకోలేవు. అటువంటివాటి మీద పడే వెలుగు 50 లక్స్ దాటకూడదన్నది మ్యూజియాల్లో సాధారణంగా పాటించే కొలత. అది పాతకాలపు ఇంట్లో మధ్యగది వెలుతురు వంటిది. మన దగ్గర మాత్రం ప్రదర్శన అనగానే కిటికీలు బార్లా తెరిచి, బీరువాలో ట్యూబులైట్లు వేసి, ప్రారంభోత్సవం రోజున ఫొటోల కోసం ఇంకా పెద్ద దీపాలు పెడతారు. వెలుతురు వల్ల వెలిసిన రంగు మళ్లీ రాదు. చీరను కొక్కేనికి వేలాడదీయకుండా, పిన్నులు గుచ్చకుండా, ఉతికిన నూలుగుడ్డ పరిచిన బల్ల మీద పరచాలి. తాటాకులకు నిమ్మగడ్డి నూనె రాయడం మన పెద్దలకు తెలిసిన పద్ధతే గాని, అరువు తెచ్చిన గ్రంథానికి అటువంటిదేదీ యజమానిని అడగకుండా చేయకూడదు. నెల రోజులకే ప్రదర్శన ముగియడం ఇటువంటి సున్నితమైన వస్తువులకు మేలు కూడా.

అరువు అవసరమే లేని ప్రదర్శన ఒకటి ఉంది, దానిని కూడా సూచిస్తాను. బటర్‌వర్త్, వేణుగోపాలశెట్టి కలిసి నెల్లూరు జిల్లా శాసనాలను సేకరించి 1905లో మూడు సంపుటాలుగా ప్రచురించారు. ఒక్కో మండలం పిల్లలు ఆ సంపుటాల్లో తమ ఊరి శాసనాన్ని వెతికి, ఆ రాయి నేడు ఏ గుడి గోడలో, ఏ చెరువు గట్టున, ఏ పొలం హద్దున ఉందో చూసి, తెలిసినవారి పర్యవేక్షణలో తడి కాగితం మీద దాని అచ్చు తీసి గోడకు వేలాడదీస్తే ఖర్చు కాగితం, సిరా మాత్రమే. రాయి కదలదు, ఎవరి సొత్తూ ఎవరి చేతికీ పోదు. దొరకని రాళ్ల జాబితా కూడా అక్కడే పెడితే, చూడవచ్చినవారిలో ఎవరో ఒకరు "ఇది మా దొడ్లో ఉంది" అనవచ్చు.

ప్రదర్శన రోజుల్లో ఆదివారం కూడా మ్యూజియం తెరిచి ఉంచాలని ప్రత్యేకంగా కోరుతున్నాను. కూలికి వెళ్లేవారికి ఆ ఒక్క రోజే వీలు.

పెద్దల తరగతుల నాటి వాచకాలు ఐదు, ఒక పలక, నలభై ముగ్గురు ఆడవారు సంతకాలు చేసిన ఒక అర్జీ నకలు నా దగ్గర ఉన్నాయి. మొన్న ఆ కుంచం పోగొట్టుకున్న అవ్వ ఊరు వెళ్లినప్పుడు ఆమెకు ఈ ప్రదర్శన సంగతి చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "మా అత్త సోల, తవ్వ ఇంకా ఉన్నాయి టీచరమ్మా, ఈసారి కాగితం రాసిస్తారా?" అని అడిగింది. నాకు తెలియదని చెప్పి వచ్చాను. మ్యూజియం అధికారులు మీ పత్రిక ద్వారా ఆమెకు జవాబు చెబితే, ఆ రెండింటినీ, నా దగ్గర ఉన్నవాటినీ నేనే స్వయంగా తీసుకువచ్చి అప్పగిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
ఆత్మకూరు, నెల్లూరు జిల్లా.