చెరువుగట్టు నుంచి వచ్చే కబురుకు తాళం వేయాలి

సంపాదకులకు నమస్కారం.

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులపై నీటిలోని ఆక్సిజన్‌ను, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లకు అందే కరెంటును, జనరేటర్‌లోని డీజిల్‌ను కొలిచి, ఆ ఫలితాన్ని దూరంగా ఉన్న పర్యవేక్షణ సర్వర్‌కు పంపే చిన్న పెట్టెలను అమర్చి చూసుకునే పని నేను కొన్నేళ్లుగా చేస్తున్నాను. రైతులు నన్ను అడిగే ప్రశ్నలన్నీ కొలత ఎంత కచ్చితమన్న దాని చుట్టూనే తిరుగుతాయి. కొలిచిన ఫలితం సర్వర్‌కు చేరే దారి ఎంత భద్రమని మాత్రం ఎవరూ అడగరు. ఆ ప్రశ్న కూడా అడగాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

పగలు ఆక్సిజన్‌ను విడుదల చేసే నీటిలోని నాచు రాత్రంతా తానే దాన్ని పీల్చుకుంటుంది కనుక, తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళలో కరెంటు పోయి, జనరేటర్ కూడా అందుకోకపోతే, పిల్ల ఎక్కువ వేసిన చెరువులో రొయ్యలు పైకి తేలడానికి ఎంతోసేపు పట్టదు. అందుకే కావలి మనిషితో పాటు ఈ పెట్టెలనూ నమ్ముకుంటున్నారు. కావలి మనిషి ఫోను చేస్తే గొంతు గుర్తుపట్టి నమ్ముతాము. పెట్టెకు గొంతు లేదు. వచ్చిన మాట ఆ పెట్టెదేనని చెప్పగలిగేది దానికిచ్చిన రహస్య తాళంచెవి ఒక్కటే.

ఆఫీసుల్లో సాధారణంగా సర్వరే ఒక్కొక్క యంత్రాన్ని పలకరించి దాని స్థితిని తెలుసుకుంటుంది. చెరువుగట్టు మీద అది కుదరదు. అక్కడి పెట్టెకు సిమ్ కార్డు ద్వారా ఇంటర్నెట్ అందుతుంది, ఒకే చిరునామాను చాలామంది పంచుకుంటారు కనుక బయటినుంచి దాన్ని నేరుగా చేరలేము. కాబట్టి పెట్టే స్వయంగా పరీక్ష జరిపి ఫలితాన్ని పంపాలి. నాగియోస్ వంటి పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫలితం నిజానికి ఒక అంకె, ఒక వాక్యం మాత్రమే. 0 అంటే బాగుంది, 1 అంటే హెచ్చరిక, 2 అంటే ప్రమాదం, 3 అంటే తెలియదు. ఆ ఒక్క అంకెను మార్చగలిగిన వాడు చెరువంతటినీ బాగున్నట్టు చూపించగలడు. అసలు పెట్టే లేని రైతు రాత్రి లేచి వెళ్లి చూసుకుంటాడు; తప్పుడు సున్నా అందుకున్న రైతు నిద్రపోతాడు.

ఇది ఊహించి రాస్తున్న మాట కాదు. ఒక రైతు బృందం పిలిస్తే, మరొకరు అమర్చి వెళ్లిన పధ్నాలుగు చెరువుల వ్యవస్థను చూడటానికి వెళ్లాను. పెట్టెలన్నిటిలో ఒకే పాస్‌వర్డ్ ఉంది, సందేశాన్ని గుప్తీకరించే, అంటే దారిలో ఇతరులకు అర్థంకాకుండా మార్చే, పద్ధతి దగ్గర సున్నా అని ఉంది, అంటే గుప్తీకరణే లేదు. రైతుల అనుమతితో ఏడో చెరువు పెట్టెను ఆపి, నా ల్యాప్‌టాప్ నుంచి ఆ చెరువు పేరుతో ‘ఆక్సిజన్ బాగుంది’ అని ఒక ఫలితం పంపాను. సర్వర్ మారుమాట లేకుండా తీసుకుని ఆకుపచ్చ గుర్తు చూపింది. పక్కన నిలబడ్డ పెద్దాయన “అదేంటండీ, ఆపేసిన పెట్టె ఎలా మాట్లాడిందండీ?” అని అడిగారు. ఆయన ముఖంలో ఆ క్షణాన కనిపించిన భయం నాకింకా గుర్తుంది.

అక్కడ వాడింది నాగియోస్‌కు తోడుగా వచ్చిన ఎన్‌ఎస్‌సీఏ అనే పాత పనిముట్టు. అది 5667 నంబరు పోర్టు మీద ఫలితాలు అందుకుంటుంది. అందులో పాస్‌వర్డ్ పని గుప్తీకరణకు తోడ్పడటమే కనుక, గుప్తీకరణ పద్ధతిని సున్నా చేస్తే పాస్‌వర్డ్ ఎంత పొడుగైనా వృథాయే. ఒకటో పద్ధతి అయిన ఎక్స్‌ఓఆర్ పైపైన ముసుగు వేస్తుందే తప్ప భద్రతనివ్వదని ఆ సాఫ్ట్‌వేర్ అమరిక ఫైలులోనే రాసి ఉంటుంది. గట్టి పద్ధతిని ఎంచుకున్నా సర్వర్‌కు ఉండేది ఒకే ఉమ్మడి పాస్‌వర్డ్. ఒక గట్టు మీది షెడ్డులోంచి పెట్టె దొంగతనానికి పోతే పద్నాలుగు చెరువులకూ కొత్త పాస్‌వర్డ్ పెట్టుకుంటూ తిరగాలి. దాని తర్వాత వచ్చిన ఎన్‌ఎస్‌సీఏ-ఎన్‌జీలో టీఎల్‌ఎస్ అనే గుప్తీకరణ రక్షణతో పాటు ఒక్కొక్క పెట్టెకు వేరే పేరు, వేరే తాళంచెవి ఇవ్వవచ్చు, ఏడో చెరువు పెట్టె ఏడో చెరువు సంగతి తప్ప ఇంకేదీ చెప్పకూడదని కట్టడి చేయవచ్చు. జాబిక్స్ అనే మరో పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ వాడేవారికి 2016లో వచ్చిన 3.0 వెర్షన్ నుంచి గుప్తీకరణ సౌకర్యం ఉంది. ఇవి ఉచితంగా దొరికేవే. కావలసింది అమర్చేవాడి శ్రద్ధ.

మన ప్రాంతంలో ఎదురయ్యే చిక్కు ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. ఈ చిన్న పెట్టెల్లో చాలావాటికి గడియారాన్ని నడిపే బ్యాటరీ ఉండదు. కరెంటు పోయి వచ్చాక, ఇంటర్నెట్ నుంచి సరైన సమయం అందేదాకా అవి పాత తేదీలోనే ఉంటాయి. ఆ స్థితిలో, తానెవరో రుజువు చేసుకోవడానికి సర్వర్ చూపే ధ్రువపత్రం ఇంకా అమల్లోకే రాలేదని భావించి పెట్టె సంబంధాన్ని నిరాకరించవచ్చు. అప్పుడు వచ్చిన టెక్నీషియన్ ధ్రువపత్రం తనిఖీనే ‘ప్రస్తుతానికి’ ఆపేసి వెళ్తాడు, అది ఇక ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది. పెట్టెకు వంద రెండు వందల రూపాయల గడియారం భాగం తగిలించడమో, తేదీతో నిమిత్తం లేని ముందస్తు తాళంచెవి పద్ధతి (పెట్టెకు, సర్వర్‌కు ఒకే రహస్యాన్ని ముందే ఇచ్చి ఉంచడం) వాడటమో దీనికి సరైన మందు. నేను రెండో దాన్నే ఇష్టపడతాను.

తాళం ఎంత గట్టిదైనా, కబురే రాకపోతే దాన్నీ ప్రమాదంగానే లెక్కించాలి. ఐదు నిమిషాలకోసారి పలకాల్సిన పెట్టె పదిహేను నిమిషాలు పలకకపోతే సర్వర్ తనంతట తానే రైతు ఫోను మోగించాలి. నాగియోస్‌లో ఫలితం తాజాదనాన్ని చూసే ఏర్పాటు ఇందుకే ఉన్నా, చాలాచోట్ల దాన్ని అమర్చకుండానే వదిలేస్తున్నారు.

ధవళేశ్వరం వద్ద నీరు 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 17.75 అడుగులకు చేరితే మూడో హెచ్చరిక ఇస్తారని లంక గ్రామాల పిల్లలకు కూడా తెలుసు. ఆ అంకెను నమ్మి జనం గొడ్డూగోదతో గట్టెక్కుతారు. చెరువైనా, కాలువ లాకైనా, రేపు ఊరి మంచినీటి ట్యాంకైనా, యంత్రం పంపే అంకెకు అంత నమ్మకం దక్కాలంటే దాన్ని ఎవరు పంపారో రుజువు కావాలి.

కనుక ఇటువంటి పరికరాలకు రాయితీలిచ్చే ప్రభుత్వ శాఖలు, సామూహికంగా కొనే రైతు సంఘాలు తమ ఒప్పందాల్లో ఒక నిబంధన చేర్చాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. అమర్చిన రోజున, రైతు సమక్షంలో, వేరే యంత్రం నుంచి ఆ చెరువు పేరుతో ఒక తప్పుడు ఫలితం పంపాలి. సర్వర్ దాన్ని తిరస్కరించడం రైతు కళ్లారా చూశాకే ఆఖరి వాయిదా సొమ్ము చెల్లించాలి.

ఇట్లు,
ఒక నెట్‌వర్క్ నిర్వాహకుడు,
భీమవరం