మానిటర్ బదులు టీవీ కొనుక్కోమని చెప్పింది నేనే, తప్పు నాదే

మొన్న మా టీవీల షాపుకి డీటీపీ (కార్డులు కంప్యూటర్లో టైప్ చేసి ప్రింటుకి సిద్ధం చేసే పని) చేసే ఒకాయన వచ్చి, ఏమీ మాట్లాడకుండా ఒక శుభలేఖ కౌంటర్ మీద పెట్టాడు. బంగారు రంగు అక్షరాలు, కార్డు బాగానే ఉంది. "వధువు దగ్గర చూడన్నా" అన్నాడు. చూస్తే "వదువు" అని ఉంది. ఒత్తు లేదు. మూడు వందల కార్డులు, అన్నీ అంతే.

టైపింగ్ తప్పు ఆయనదే, ఆయనా కాదనలేదు. కానీ రెండుసార్లు ప్రూఫ్ చూశాడట, రెండుసార్లూ సరిగ్గానే ఉన్నట్టు అనిపించిందట. ఆయన వాడేది నా దగ్గర కొన్న 32 ఇంచుల టీవీ. మానిటర్ కోసం వచ్చిన మనిషికి "అంత డబ్బు పెట్టి చిన్నది ఎందుకు, టీవీ తీసుకో, హెచ్‌డీఎంఐ కేబుల్ పెడితే అయిపోతుంది" అని అంటగట్టింది నేనే. నమ్మకం కుదరక డిస్‌ప్లేలో ఉన్న అదే మోడల్‌కి లాప్‌టాప్ కలిపి చూశాను. చిన్న సైజు అక్షరాల్లో ద ఏదో ధ ఏదో, ప ఏదో ఫ ఏదో నాకూ తెలియలేదు.

సంగతేంటంటే, డబ్బా మీద హెచ్‌డీ రెడీ అని ఉన్న 32 ఇంచుల టీవీల్లో మామూలుగా ఉండేది 1366×768, అంటే సుమారు పది లక్షల పిక్సెల్స్ (తెర మీద బొమ్మ కట్టే చిన్న చుక్కలు). 24 ఇంచుల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో 1920×1080, ఇరవై లక్షల పైనే, అదీ చిన్న స్క్రీన్‌లో. ఒక ఇంచి పొడవుకి లెక్కేస్తే టీవీలో 49, మానిటర్‌లో 92. సోఫాలో కూర్చుని ఎనిమిది అడుగుల దూరం నుంచి క్రికెట్ చూసేటప్పుడు ఈ తేడా ఎవరికీ పట్టదు, రెండడుగుల దూరంలో కూర్చుని ఒత్తులు చూసుకునేవాళ్లకి పడుతుంది. కొన్ని డబ్బాల మీద 1080 అని కూడా రాస్తారు, అది ఆ సిగ్నల్ తీసుకుంటుందని చెప్పడమే, చూపించేది మాత్రం 768కి కుదించే. ఇది నాకు ముందే తెలుసు, చెప్పాలనిపించలేదు, అంతే.

ఇప్పటికే టీవీ వాడుతున్నవాళ్లు ఇంట్లోనే చేసుకోగలిగింది కొంత ఉంది. టాస్క్‌బార్ సగం తెగి కనపడుతుంటే పిక్చర్ సైజులో జస్ట్ స్కాన్ అనో స్క్రీన్ ఫిట్ అనో ఉంటుంది, అది పెట్టండి (పాత డబ్బా టీవీల కాలం నుంచి అంచులు కత్తిరించే అలవాటు ఇంకా పోలేదు వీటికి). ఇన్‌పుట్ పేరు పీసీ అని మార్చండి, షార్ప్‌నెస్ బాగా తగ్గించండి, అక్షరాల చుట్టూ తెల్లటి నీడ పోతుంది. లేని పిక్సెల్స్ మాత్రం రావు.

43 ఇంచుల 4కే టీవీ (ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల పిక్సెల్స్) అయితే వేరే సంగతి, ఇంచికి వంద దాటతాయి, పనికొస్తుంది. కాకపోతే పాత లాప్‌టాప్ హెచ్‌డీఎంఐలో 4కే 30 హెర్ట్జ్‌కే ఆగిపోతుంది, అంటే సెకనుకి 30 బొమ్మలే, మౌస్ ఈడ్చుకుంటూ కదులుతుంది. కొనేముందు మీ లాప్‌టాప్ తెచ్చి షాపులోనే పెట్టి చూడండి.

కార్డుల రీప్రింట్ ఖర్చులో సగం నేను పెట్టుకున్నాను. ఈ ఆరు నెలల్లో కంప్యూటర్ పనికని నా దగ్గర 32 ఇంచుల టీవీ కొన్నవాళ్లు ఎవరైనా బిల్లుతో తీసుకురండి, స్క్రీన్ పగలకుండా ఉంటే చాలు, బిల్లు ధరకే తీసుకుని మానిటర్‌కి సర్దుతాను. సీరియళ్లు చూసుకునేవాళ్లు తేనక్కర్లేదు, మీది బాగానే ఉంది.