బుజ్జమ్మకి, పెరటి కొలను ఫిల్టరు గురించి

ఆకివీడు,
ఆదివారం సాయంత్రం

బుజ్జమ్మా,

ఇక్కడ మేమిద్దరం కులాసా. అమ్మ మోకాళ్ళ సంగతి మామూలే. నువ్వు పంపిన ఫొటోలూ, షాపతను ఇచ్చిన కొటేషనూ చూశాను. ఫోన్లో చెబితే సగం విని "సరేలే నాన్నా" అనేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నాను. అల్లుడుగారికి లెక్కలంటే ఇష్టం కదా, ఆయనకీ చూపించు.

నీళ్ళు అద్దంలా ఉన్నాయని మురిసిపోయావే, నాకు అక్కడే గుండెల్లో రాయి పడింది. కొలను నింపి పది రోజులు. అందులో ఇరవై కోయి చేపపిల్లలు. మీవాడు మేత పొద్దున రెండు గుప్పెళ్ళు, సాయంత్రం రెండు గుప్పెళ్ళు వేస్తున్నానని గొప్పగా చెప్పాడు. మా నాయనమ్మ కాలవ నీళ్ళ బిందెలో చిల్లగింజ అరగదీసేది. తెల్లారేసరికి మట్టంతా అడుక్కి దిగి నీళ్ళు తేటపడేవి. మట్టికి అది సరిపోతుంది. కానీ చేపలు తిన్న మేత నుంచీ, మిగిలి కుళ్ళిన మేత నుంచీ పుట్టే అమ్మోనియాకి రంగూ లేదు, మడ్డీ లేదు, అడుక్కి దిగదు. మా చెరువులో నీళ్ళు లేతాకుపచ్చగా రంగు కడితేనే మాకు నిద్ర పడుతుంది, ఎందుకంటే ఆ నాచే అమ్మోనియాని తినేస్తుంది. నీ అద్దం నీళ్ళలో దాన్ని తినేవాళ్ళెవరూ లేరు.

కాబట్టి ఫిల్టరు కొనేది నీళ్ళని చూసి కాదు, మేతని చూసి.

లెక్క కట్టాను. పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు, అంటే 150 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకి 28 లీటర్ల చిల్లర, మొత్తం సుమారు 4,250 లీటర్లు. చిన్న చేతుల గుప్పెడు పాతిక గ్రాములనుకున్నా రోజుకి 100 గ్రాముల మేత. ముప్పై అయిదు శాతం ప్రోటీన్ ఉన్న మేత 100 గ్రాములు పడితే అటూఇటుగా 3 గ్రాముల అమ్మోనియా తేలుతుంది. చేప తిన్నా అంతే, తినకుండా అడుగున కుళ్ళినా అంతే. నీ నీళ్ళలో అది లీటరుకి 0.7 మిల్లీగ్రాములు. ఒక్క రోజుకి!

అదంతా విషం కాదనుకో. 30 డిగ్రీల నీటిలో పీహెచ్, అంటే నీళ్ళు ఆమ్లమో క్షారమో చెప్పే అంకె, 7 ఉంటే నూటికి ఒక వంతు కూడా విషంగా ఉండదు. 8 ఉంటే ఏడెనిమిది వంతులు, 9 అయితే నలభై దాటిపోతుంది. మీ బోరు నీళ్ళు 8 చూపించాయన్నావు. అంటే లీటరుకి 0.05 మిల్లీగ్రాములు, మొప్పలు దెబ్బతినడానికి అది చాలు. అందుకే పీహెచ్ పేపరొకటే కొని ఊరుకోకు, అమ్మోనియా కిట్టు కూడా తెచ్చుకో. ఉత్తరం అందిన రోజు నుంచి ఒక్క గుప్పెడే వేయమను, అదీ పొద్దున పూటే. వాడు ఏడిస్తే నా పేరు చెప్పు.

ఇక షాపతను అమ్మజూపిన ఆ నల్ల ఫిల్టరు డబ్బా. మీద "10,000 లీటర్ల కొలనుకి" అని పెద్దక్షరాలతో ఉంది. ఫొటో పెద్దది చేసి చూడు, కింద చీమతలంత అక్షరాల్లో చేపలు లేకపోతే అని ఉంటుంది. ఇలాంటి డబ్బాలకి మామూలు చేపలుంటే అందులో సగం, కోయి అయితే పావు లెక్క. అంటే 2,500 లీటర్లు. నీ కొలనుకి చాలదు. పైగా ఆ లెక్కలు చాలావరకు చలిదేశాల్లో కట్టినవి, మన ఎండల్లో చేప ఏడాది పొడవునా తింటూనే ఉంటుంది. కోయి అంటే ఎవరో అనుకోకు, మన బంగారుతీగే, రంగులేసుకుని వచ్చింది. దానికి పొట్ట సంచి ఉండదు, అందుకే ఎప్పుడు చూసినా ఆకలే, ఎప్పుడు చూసినా అడుగు కెలుకుడే.

డబ్బా మానేసి రెండు నీలం డ్రమ్ములు పెట్టుకోండి, 200 లీటర్లవి. మొదటి దాంట్లోకి కొలను అడుగు నుంచి నీళ్ళు రావాలి. అక్కడ బ్రష్షులు వేలాడదీస్తే పెంట, ఆకులు ఆగిపోతాయి. రెండో దాంట్లో బ్యాక్టీరియా కాపురానికి చోటివ్వాలి. కే1 అని చక్రాల్లాంటి ప్లాస్టిక్ గింజలు దొరుకుతాయి, ఘనపు మీటరు గింజల్లో సుమారు 500 చదరపు మీటర్ల చోటుంటుంది. సగం డ్రమ్ము పోసి, అడుగున గాలి పంపుకి తగిలించి బుడగలు వదిలే గాలిరాయి పెట్టి అవి గిరగిర తిరిగేలా చూస్తే చాలు. ఒక జాతి బ్యాక్టీరియా అమ్మోనియాని నైట్రైట్ చేస్తుంది, ఇంకో జాతి దాన్ని నైట్రేట్ చేస్తుంది. ఆ నైట్రేట్‌ని గులకరాళ్ళ తొట్టిలో మెట్టతామర వేస్తే లాగేసుకుంటుంది. అమ్మ తన దుంపలు పంపుతానంటోంది, ఎర్ర పూలవి.

ఈ కాపురం కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా రెండు రోజులకోసారి అయిదో వంతు నీళ్ళు మార్చు. బోరు నీళ్ళలో ప్రాణవాయువు తక్కువ, పైనుంచి చిమ్ముతూ పోయించు. మంజీరా కుళాయి నీళ్ళైతే క్లోరిన్ విరుగుడు మందు వేశాకే.

పంపు గంటకోసారి కొలను మొత్తాన్ని తిప్పాలి. అంటే 4,250 లీటర్లు డ్రమ్ములోకి నిజంగా పడాలి. పంపు డబ్బా మీద రాసేది నీళ్ళు ఎత్తుకి ఎక్కించనప్పటి మాట. అయిదడుగులు ఎక్కించేసరికి చాలా పంపులు చతికిలపడతాయి. వెనక గీసిన గ్రాఫులో నీ ఎత్తు దగ్గర ఎంత ఇస్తుందో చూసి తీసుకో. 80 వాట్ల పంపు రాత్రీ పగలూ తిరిగితే నెలకి 58 యూనిట్లు. కరెంటు ఆదా అని రాత్రిళ్ళు కట్టేస్తానన్నావని అమ్మ చెప్పింది. ఆ పని మాత్రం చెయ్యకు.

నువ్వు ఇంజనీరింగ్ రెండో ఏట ఉన్నప్పుడు పెద్ద చెరువు పోయింది గుర్తుందా? మూడు రోజులు ముసురు. మబ్బు పట్టినప్పుడు మేత తగ్గించాలని తెలిసీ తవుడు సంచులు నిండుగానే కట్టించాను. మూడో రాత్రి కరెంటు పోయి, నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు ఆగాయి, జనరేటర్‌లో చూస్తే డీజిలు లేదు. నింపమని ఎవరికీ చెప్పింది లేదు, నేనూ నింపింది లేదు. తెల్లవారుజామున టార్చి వేస్తే గట్టు పొడుగునా మూతులు. ముందు బొచ్చెలు తేలాయి, వాటి వెనక శీలావతులు. నీళ్ళ మీద ఆ చప్పుడు, చప్పరిస్తున్నట్టు, ఇప్పటికీ వానాకాలం రాత్రుళ్ళు వినిపిస్తుంది. నీ ఫీజు ఆ నెల ఎలా కట్టానో నీకు చెప్పలేదు.

నీ డ్రమ్ములోనూ అదే జరుగుతుంది. పంపు ఆగితే గాలి అందక బ్యాక్టీరియా చచ్చి అక్కడే కుళ్ళుతుంది. పొద్దున స్విచ్చి వేయగానే ఆ కుళ్ళంతా చేపల మీదకి. గాలి పంపుని ఇన్వర్టర్‌కి కలిపించు, అది తినేది కొద్దిపాటి కరెంటే. ఎప్పుడైనా గంటల తరబడి ఆగితే డ్రమ్ము నీళ్ళు పారబోసి అప్పుడు వెయ్యి.

బ్రష్షులు ఎలాగైనా కడుక్కో. గింజలు మాత్రం పనమ్మాయి చేతికి ఇవ్వకు. కుళాయి కింద సబ్బుతో తళతళలాడిస్తుంది పాపం, నెలన్నర కాపురం ఒక్క పూటలో పోతుంది. కొలను నీళ్ళే బకెట్టులో తీసుకుని ఓసారి ఆడిస్తే చాలు.

యూవీ లైటు ఇప్పుడే వద్దు. అది పచ్చనీళ్ళని తేటపరుస్తుంది, అమ్మోనియాని ముట్టుకోదు. వేసవిలో మరీ పచ్చబడితే కొందువుగాని.

చేపల సంగతి నీకు నచ్చదని తెలుసు. కోయి ఒక్కోటి రెండడుగులు పెరుగుతుంది, చేపకి 1,000 లీటర్లన్నా ఉండాలి. నాలుగు ఉంచుకో. మిగతా పదహారూ పెద్ద కొలను ఉన్నవాళ్ళకి ఇచ్చెయ్. ఊరి చెరువులో మాత్రం వదలకు. ఏ నాలుగో మీవాణ్ణే ఏరుకోమను, పేర్లు పెట్టాడట కదా.

వచ్చే శుక్రవారం నర్సాపూర్ బండికి బయల్దేరుతున్నాను. డ్రమ్ములు కొని ఉంచండి, కన్నాలు మాత్రం పెట్టించకండి. పైపు సైజు చూడకుండా పెడితే జన్మంతా కారుతూనే ఉంటుంది. డ్రిల్లు నేను తెస్తున్నాను.

నాన్న