2025-26 వార్షిక నివేదిక: డాబాల మీద సోలార్, మనం చూసుకున్న లెక్కలు

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి దాకా మన కాలనీ సంక్షేమ సంఘం చేసిన పనులను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాం. మామూలు పనులు మామూలుగానే జరిగాయి. వానలకు ముందే కాలువల్లో పూడిక తీయించాం. వినాయక చవితి, సంక్రాంతి ముగ్గుల పోటీలు ఎప్పటిలాగే చేసుకున్నాం. పార్కులో బోరు మోటారు మార్చాం. ఆడిటర్ సంతకం చేసిన జమాఖర్చుల పట్టికను వేరుగా జతచేశాం. ఈ ఏడాది కార్యవర్గం సమయమంతా తినేసింది మాత్రం సోలారే. అందుకే నివేదికలో ఎక్కువ భాగం దానికే పోతుంది.

ఇళ్ల మీద సోలార్ పెట్టుకునేవాళ్లకు కేంద్రం సాయమిచ్చే పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో వచ్చింది. మొదటి 2 కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 రూపాయలు, మూడో కిలోవాటుకు 18,000, మొత్తం 78,000 దాకా సబ్సిడీ. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఎవరికి తోచిన వెండర్‌ని వాళ్లు పిలిపించుకున్నారు. ఒకరి కొటేషన్‌లో ప్యానెళ్ల సంఖ్య ఉంటే ఇంకొకరిది కిలోవాట్లలో ఉంది. మూడోవాళ్లు ‘ఫుల్ సెట్’ అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. మనం లైనుకు పంపిన కరెంటును వాడుకున్న దాంట్లోంచి తీసేసి లెక్క చూపే నెట్ మీటరు ఖర్చు ఒకదాంట్లో కలిసి ఉంది, మరోదాంట్లో లేదు. వీటిని పక్కపక్కన పెట్టి ఏది చవకో చెప్పడం ఎవరి తరమూ కాలేదు. అందుకే కిందటి సమావేశంలో ఒక చిన్న కమిటీ వేశారు. కరెంటు శాఖలో పనిచేసి రిటైరైన మన సభ్యులొకరు దానికి పెద్ద దిక్కయ్యారు. కమిటీ చేసిన మొదటి పని, అన్ని కొటేషన్లనూ ఒకే కొలతకు తేవడం. స్ట్రక్చర్ (ప్యానెళ్లను నిలబెట్టే ఇనుప చట్రం), వైరింగ్, ఎర్తింగ్, నెట్ మీటరు, జీఎస్టీ అన్నీ కలుపుకుని వాటుకు ఎన్ని రూపాయలు పడుతోందో తేల్చారు. సగం గందరగోళం అక్కడితో తీరింది.

ప్యానెల్ ఏ కంపెనీది అన్న చర్చ మొదలయ్యే ముందు కమిటీ అందరినీ పాత కరెంటు బిల్లులు తెమ్మంది. కారణం మన కరెంటు చార్జీల శ్లాబులు. గృహ కనెక్షన్లకు మొదటి 75 యూనిట్లకు ఇంకా తక్కువ, 75 నుంచి 125 యూనిట్ల దాకా యూనిట్ 4.50 రూపాయలు, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా 8.75, ఆపైన 9.75. విజయవాడలో 3 కిలోవాట్ల సోలార్ సరాసరిన రోజుకు 12 యూనిట్ల దాకా ఇస్తుంది. కాస్త తగ్గించి నెలకు 330 అనుకుందాం. నెలకు 450 యూనిట్లు కాల్చే ఇంటికి ఎనర్జీ చార్జీలే 3,036 రూపాయలు. సోలార్ వచ్చాక లెక్కకు వచ్చేవి 120 యూనిట్లే కాబట్టి బిల్లు 395కి దిగుతుంది. ఫిక్స్‌డ్ చార్జీలు, ఇంధన సర్దుబాటు వేరు. అంటే ఖరీదైన పై శ్లాబులే ముందు ఎగిరిపోతాయి. అదే ఇద్దరే ఉండే ఇంట్లో నెలకు 120 యూనిట్లే అయితే మొత్తం బిల్లే 395. అక్కడ 3 కిలోవాట్లు పెట్టి ఏం మిగుల్చుకుంటారు? అలాంటి ఇళ్లవాళ్లకు కమిటీ ఇప్పుడే వద్దని మొహమాటం లేకుండా చెప్పింది. ఒకరిద్దరు నొచ్చుకున్నారు కూడా. అయినా ఆ మాట వెండర్ ఎటూ చెప్పడు, మనమే చెప్పుకోవాలి.

ఇక ప్యానెళ్లు. మన ముందుకు వచ్చినవి మూడు రకాలు. నీలం రంగు పాలీ ప్యానెళ్లకు కాలం చెల్లింది. వాటి సామర్థ్యం, అంటే పడిన ఎండలో కరెంటుగా మారే భాగం, 17 శాతం దగ్గరే ఆగింది, కాబట్టి అదే కరెంటుకు ఎక్కువ చోటు కావాలి. ఒక వెండర్ పాత స్టాకు వదిలించుకోవడానికి బాగా చవగ్గా ఇస్తానన్నాడు, కమిటీ వద్దంది. నల్లగా ఉండే మోనో పెర్క్ సామర్థ్యం 20, 21 శాతం. దాని తర్వాతి తరం టాప్‌కాన్‌ది 22 దాటుతుంది. అందరూ టాప్‌కాన్ అనే అడుగుతున్నారు, వాట్సాప్ గ్రూపులో దాని గురించి జరిగిన వాదనలు మీకు తెలిసినవే.

మన ఊరి ఎండలకు చూడాల్సిన అంకె ఇంకొకటుంది. ప్యానెల్ మీద రాసిన వాట్లు సెల్ (ప్యానెల్‌లో ఎండను కరెంటుగా మార్చే పలక) 25 డిగ్రీల వేడిలో ఉన్నప్పటి లెక్క. మే నెల మధ్యాహ్నం డాబా మీద సెల్ వేడి 65, 70 డిగ్రీలకు పోతుంది. 25 దాటిన ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి పాలీకి 0.40 శాతం, మోనో పెర్క్‌కు 0.35 శాతం, టాప్‌కాన్‌కు 0.30 శాతం చొప్పున తగ్గుతుంది. డేటాషీట్‌లో టెంపరేచర్ కోఎఫిషియెంట్ అనే వరుసలో ఈ అంకె ఉంటుంది. 70 డిగ్రీల దగ్గర 3,000 వాట్ల టాప్‌కాన్ 2,595 వాట్లు ఇస్తే, మోనో పెర్క్ 2,527 ఇస్తుంది. తేడా 68 వాట్లు, ఒక సీలింగ్ ఫ్యాన్ తిరిగేంత. అది ఏడాది పొడవునా ఉండే తేడా కూడా కాదు. ఏటేటా తరుగుదల టాప్‌కాన్‌కు తక్కువన్నది నిజమే. మోనో పెర్క్‌కు మొదటి ఏడాది 2 శాతం, తర్వాత ఏటా 0.55 దాకా కంపెనీలు రాసిస్తుంటే, టాప్‌కాన్‌కు 1 శాతం, 0.4 అని రాసిస్తున్నాయి. చోటు తక్కువగా ఉన్న డాబాకు టాప్‌కాన్ మేలు. చోటుండి, ధరలో తేడా బాగా కనిపిస్తే మోనో పెర్క్ పెట్టుకున్నవాళ్లు మోసపోయినట్టేమీ కాదు. ఈ సంగతి మీద గ్రూపులో ఖర్చయినంత ఆవేశం అనవసరమని నా అభిప్రాయం.

బైఫేషియల్, అంటే వెనక వైపు కూడా వెలుతురు పట్టే ప్యానెళ్ల గురించి ఒక మాట. వెనక నుంచి పాతిక శాతం అదనం అని చెప్పి అమ్మజూపారు. కింద తెల్లటి నేల ఉండి, ప్యానెల్ బాగా ఎత్తులో ఉంటేనే వెనక్కి వెలుతురు తగులుతుంది. పాచి పట్టిన డాబా మీద జానెడు ఎత్తులో బిగిస్తే వచ్చేది నామమాత్రం. కూల్ రూఫ్ పెయింట్ వేయించుకున్న ఇళ్లకు కొంత కలిసొస్తుంది. రెండు వైపులా గాజు ఉన్న పెద్ద ప్యానెల్ ఒక్కొక్కటి 32 కిలోల దాకా తూగుతుంది. పాత డాబాల వాళ్లు ఆ బరువు సంగతీ చూసుకోవాలి.

సబ్సిడీ కావాలంటే ప్యానెళ్లు డీసీఆర్ అయి ఉండాలి. అంటే ప్యానెలే కాదు, లోపలి సెల్ కూడా మన దేశంలో తయారైనదే కావాలి. విదేశీ సెల్ తెచ్చి ఇక్కడ బిగించిన ప్యానెల్ చవకే గానీ సబ్సిడీకి పనికిరాదు. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, తేడా కాగితాల్లోనూ సీరియల్ నంబర్లలోనూ తెలుస్తుంది. హైదరాబాద్‌లోని ప్రీమియర్ ఎనర్జీస్ లాంటి కంపెనీలు సెల్స్ కూడా తయారు చేస్తున్నాయి కాబట్టి డీసీఆర్ అంటే గుజరాత్ నుంచే రావాలన్న మాట లేదు. మన వీధిలోనే ఒక ఇంటికి వచ్చిన లోడులో కొటేషన్‌లో రాసిన మోడల్ ఒకటి, ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద ఉన్నది ఇంకొకటి. ఆటోలోంచి దించక ముందే మన కమిటీ సభ్యులు స్టిక్కర్లు ఫోటో తీసి సరిచూశారు, సరుకు వెనక్కి పోయింది. ఒకసారి పైన బిగించాక వెనక స్టిక్కర్ చదవాలంటే డాబా మీద వెల్లకిలా పడుకోవాలి.

వాట్ల లెక్కలో ఇంకో చిన్న మెలిక ఉంది. 580 వాట్ల ప్యానెళ్లు అయిదు పెడితే 2.9 కిలోవాట్లే అవుతుంది. ప్యానెళ్ల మొత్తం కిలోవాట్లు, ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే పెట్టె) కిలోవాట్లు, ఈ రెంటిలో ఏది తక్కువైతే దానికే సబ్సిడీ కాబట్టి 78,000 బదులు 76,200 వస్తుంది. పోయేది 1,800 రూపాయలే గానీ, ముందే తెలిస్తే ఆ తర్వాత గొడవ ఉండదు.

డాబాల మీదికి ఎక్కి చూశాక కమిటీకి అసలు పని తగిలింది. చాలామంది మే నెలలో డాబా చూసి నీడ లేదనుకున్నారు. మేలో మధ్యాహ్నం సూర్యుడు మన నెత్తి మీదే ఉంటాడు, నీడ ఎక్కడ పడుతుంది? డిసెంబరులో దక్షిణానికి వాలతాడు. దక్షిణాన 10 అడుగుల ఎత్తు లేచిన నీళ్ల ట్యాంకు ఆ నెలలో మిట్టమధ్యాహ్నమే ఉత్తరానికి 8 అడుగులకు పైగా నీడ పరుస్తుంది. ఉదయం, సాయంత్రం ఇంకా పొడుగు. ఒకే వరుసలో కలిపిన ప్యానెళ్లలో ఒకదాని మీద కొబ్బరి మట్ట నీడ పడినా ఉత్పత్తి మీద దెబ్బ తెలుస్తుంది. నీడ పడిన భాగాన్ని తప్పించి కరెంటును పోనిచ్చే లోపలి బైపాస్ డయోడ్లు నష్టాన్ని కొంతే తగ్గిస్తాయి. నీడ తప్పని చోట ప్రతి ప్యానెల్‌కూ మైక్రో ఇన్వర్టర్ పెట్టుకోవచ్చు, ఖర్చు ఎక్కువ. మా సలహా అయితే, ముందు డిష్ యాంటెన్నా పక్కకు జరపండి. పిట్టగోడ నీడ తగలకుండా ప్యానెళ్లను ఓ అడుగు లోపలికి తీసుకోండి. ఆ తర్వాతే ఖరీదైన పరికరాల సంగతి.

మహిళా విభాగం సమావేశంలో ఇంకో చిక్కు బయటపడింది. “డాబా అంతా ప్యానెళ్లే అయితే వడియాలు ఎక్కడ పెట్టుకోవాలండీ, ఇన్వర్టర్ మీదా?” అని ఒకావిడ సూటిగానే అడిగారు. 540 వాట్ల ప్యానెల్ ఒక్కోటి దాదాపు 28 చదరపు అడుగులు. ఆరు పెడితే మధ్యలో నడిచే దారి కలుపుకుని 200 దాటుతుంది. ఏడెనిమిది అడుగుల ఎత్తు స్ట్రక్చర్ వేయిస్తే కింద చోటంతా మిగులుతుంది, పైగా డాబాకు చలువ. చాలామంది దానికే మొగ్గారు. అయితే ఎత్తు పెరిగితే గాలి పట్టు కూడా పెరుగుతుంది. భవనాల మీద గాలి ఒత్తిడికి సంబంధించిన ఐఎస్ 875 ప్రమాణంలో విజయవాడకు రాసిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాద్‌కు 44 మీటర్లే. అక్కడి డిజైన్‌నే ఇక్కడ దింపుతామంటే ఒప్పుకోవద్దు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటినప్పుడు అందరికీ టెన్షనే. మన స్ట్రక్చర్లకు ఏమీ కాలేదు. కానీ మనకు తగిలింది అంచు గాలే కాబట్టి దాన్ని పరీక్షగా తీసుకోవద్దని కమిటీ అంటోంది. పైపులు హాట్ డిప్ గాల్వనైజింగ్ చేసినవే, అంటే కరిగిన జింకులో ముంచి తీసినవే, అడగండి. వెండి రంగు పెయింటు చూసి మురిసిపోతే నాలుగు వానలకు వెల్డింగ్ జాయింట్ల దగ్గర తుప్పు మొదలవుతుంది.

ఇన్వర్టర్ ఎక్కడ పెట్టాలన్న దాంట్లో మాత్రం చర్చే జరగలేదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు ఊళ్లోకి వచ్చినప్పుడు మీటరు బోర్డుల దాకా నీళ్లు చూసినవాళ్లం. వైరు కలిసొస్తుందని వెండర్లు మీటరు పక్కనే బిగిస్తామంటారు. మన ఇళ్లలో అన్నీ మెట్ల గదిలో, పైన, ఎండ నేరుగా తగలని గోడకే పెట్టించాం. ఎర్తింగ్ గుంటలు మూడూ వేరువేరుగా ఉండాలి: ప్యానెళ్ల వైపు, ఇంటి కరెంటు వైపు, పిడుగు నిరోధకానికి.

ఇంకో అపోహ కూడా తొలగాలి. లైను పోతే మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్, అంటే బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకే కలిపినది, కూడా ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు మన డాబా నుంచి కరెంటు వెళ్లకూడదని అలా పెట్టారు. ఎండ మండుతుంటే ఫ్యాన్ ఎందుకు తిరగదని ఫోన్లు వచ్చాయి, అందుకే రాస్తున్నాం. బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ పెట్టుకుంటే వేరు సంగతి, దాని ఖర్చు లెక్కా వేరు.

వారంటీ దగ్గర కొటేషన్లన్నీ ‘25 ఏళ్లు’ అనే రాశాయి. అది ఉత్పత్తి ఫలానా శాతం కంటే తగ్గదన్న హామీ మాత్రమే. ప్యానెల్ పాడైతే మార్చి ఇచ్చే వారంటీ చాలా వాటికి 12 ఏళ్లే. ఇన్వర్టర్‌ది ఇంకా వేరు. పథకం కింద వెండర్ అయిదేళ్లు ఉచితంగా మెయింటెనెన్స్ చూడాలి, ఆ మాట ఒప్పందంలో కనిపించాలి. వారంటీ కార్డు కంపెనీ పేరుతో, మీ ప్యానెళ్ల సీరియల్ నంబర్లతో తీసుకోండి. వెండర్ లెటర్‌హెడ్ మీద రాసిచ్చింది వాళ్లు దుకాణం మూసేదాకే పనికొస్తుంది.

2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ పరికరాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లులో 70 శాతం సరుకుగా, 30 శాతం 18 శాతం పన్ను పడే సేవగా లెక్కిస్తారు కాబట్టి మొత్తం మీద పన్ను 13.8 నుంచి 8.9 శాతానికి దిగినట్టు. పన్ను కాకుండా 1,80,000 ధర ఉన్న దానికి 8,820 రూపాయలు తగ్గాలి. ఇద్దరు వెండర్లు తేదీ మార్చి పాత మొత్తమే మళ్లీ పంపారు. లెక్క చూపించాక సవరించారు.

నిర్వహణ పెద్ద పనేమీ కాదు. తెల్లవారుజామున, గాజు చల్లగా ఉన్నప్పుడు కడగండి. మన బోరు నీళ్లకు తెల్ల మరకలు పడుతున్నాయి కాబట్టి మున్సిపల్ నీళ్లు వాడండి. ప్యానెళ్ల కింద పావురాలు కాపురం పెట్టకుండా వల కట్టించడం మంచిది. కోతుల సంగతికి ఇంకా మందు దొరకలేదు.

ఇక సమావేశం తేల్చాల్సింది ఒకటుంది. నివాస సంక్షేమ సంఘాల ఉమ్మడి అవసరాలకు ఇదే పథకంలో కిలోవాటుకు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. కమ్యూనిటీ హాలు, నీళ్ల మోటారు, వీధి లైట్ల కనెక్షన్లకు అది వాడుకోవచ్చు. హాలు పైకప్పు రేకులది కావడంతో ఇంజనీరు చేత బరువు లెక్క వేయించాకే ముందుకు వెళ్లాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. ఆ ఫీజుకు మీ ఆమోదం కావాలి.

రెండో విడతలో ఇంటికి సోలార్ పెట్టించుకోదలచిన సభ్యులు సమావేశానికి గత 12 నెలల కరెంటు బిల్లులు, ఇంటి పన్ను రసీదు, సర్వీసు ఎవరి పేరు మీద ఉందో ఆ వివరం తెచ్చుకోగలరు. కనెక్షన్ ఇంకా తాతగారి పేరు మీదే ఉన్నవాళ్లు ముందు పేరు మార్పిడికి దరఖాస్తు పెట్టుకోండి. ఫారాలు సంఘం ఆఫీసులో ఉన్నాయి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి