జైలు గేటు బయట మొదటి సాయంత్రం

సంపాదకులకు నమస్కారాలు.

సత్ప్రవర్తన కింద ఖైదీలను విడుదల చేసినప్పుడు, చేతిలో సంచితో గేటు దాటి వస్తున్నవారి ఫొటోలు పత్రికల్లో చూస్తుంటాం. తాగుడుకో, గంజాయికో, మత్తుమాత్రలకో బానిసై లోపలికి వెళ్లిన మనిషికి ఆ గేటు బయట మొదటి సాయంత్రం ఎవరి పక్కన గడుస్తుందన్నది చాలా పెద్ద విషయమని నా అనుభవం. ఒకప్పుడు అదే స్థితిలో ఉండి బయటపడిన మనిషి ఒకరు ఆ సాయంత్రం అతనికి తోడుండేలా చూడటం విడుదల ఏర్పాట్లలోనే ఒక భాగం కావాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

నేను తాగుడు మానేసి పదకొండేళ్లయింది. తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా నడుపుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) సంఘం మీటింగుల వల్లే మానగలిగాను. కొన్నేళ్లుగా మరో ఇద్దరు సభ్యులతో కలిసి, అధికారుల అనుమతితో ఒక జైలులో వారానికొకసారి మీటింగు జరుపుతున్నాం. అక్కడ మేం ఉపన్యాసాలు ఇవ్వం. మా గతం మేం చెప్పుకుంటాం, ఇష్టమైనవారు తమది చెబుతారు. డాక్టరు హెచ్చరించినా, భార్య బతిమాలినా తల వంచుకుని కూర్చునే మనిషి, పండుగకు పిల్లలకు బట్టలు తెస్తానని బయలుదేరి ఆ డబ్బంతా తాగి అర్ధరాత్రి ఖాళీ చేతులతో ఇల్లు చేరిన నా సంగతి వినగానే తలెత్తి చూడటం ఎన్నోసార్లు గమనించాను.

అలా రెండు నెలలపాటు ఒక్క వారం కూడా మానకుండా వచ్చిన ఒక యువకుడు ఉన్నట్టుండి కనిపించలేదు. ఇళ్లకు రంగులు వేసే పనివాడు. మూడు రోజుల కిందట బెయిలు వచ్చిందని తోటివారు చెప్పారు. కాగితాలు జైలుకు చేరేసరికి సాయంత్రమైంది, ఇంట్లోవాళ్లకు కబురు అందలేదు, గేటు దగ్గరికి వచ్చింది జామీను ఇచ్చిన స్నేహితులే. బండి మీద ఎక్కించుకుని వెళుతూ, ఆ సంతోషంలో వాళ్లు దారిలోని బెల్టు షాపు దగ్గర ఆపారు. వాళ్లను తప్పుపట్టలేను. అతని కోసం పని మానుకుని కోర్టు చుట్టూ తిరిగింది వాళ్లే. అలాంటివారికి ఆ పూట వద్దని చెప్పగలిగే బలం రెండు నెలల మీటింగులతో రాదు. మా ఫోను నంబరు రాసిచ్చిన చీటీ బ్యారక్‌లోనే ఉండిపోయింది. అతను ఇప్పుడు మరో కేసులో మళ్లీ లోపలే ఉన్నాడు.

ఇది ఒక్కడి సంగతి కాదనడానికి కారణం ఉంది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరినాటికి దేశంలోని ఖైదీలలో నాలుగింట మూడు వంతుల మంది విచారణ ఖైదీలే. శిక్ష పడినవారి విడుదల తేదీ ముందే తెలుస్తుంది కనుక వారి పునరావాసం గురించి ఎంతో కొంత ఆలోచించడానికి వ్యవధి ఉంటుంది. బెయిలు మీద వెళ్లేవారి విషయంలో ఆ వ్యవధి లేదు. వ్యసనపరులలో ఎక్కువమంది వెళ్లేది ఈ దారినే అని జైలు గదిలో కూర్చుని మాట్లాడే మాకు కనిపిస్తోంది.

లోపల ఉన్నన్నాళ్లు ముట్టుకోలేదు కాబట్టి ఇక బాగుపడినట్టేనని కుటుంబాలు నమ్ముతాయి. ప్రమాదం అక్కడే ఉంది. కొన్ని నెలలు దూరంగా ఉన్నాక శరీరం పాత మోతాదును తట్టుకోలేదు, మనసు మాత్రం పాత మోతాదునే అడుగుతుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో విడుదలైన 30,237 మందిని పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, బయటికి వచ్చిన మొదటి రెండు వారాలలో మరణించే ముప్పు సాధారణ ప్రజలకన్నా దాదాపు 12.7 రెట్లు ఎక్కువని, అందులో ప్రధాన కారణం మాదకద్రవ్యాల మోతాదు మించడమేనని తేలింది. అక్కడి మత్తులు వేరు, మన దగ్గర మద్యం, గంజాయి, అల్ప్రాజోలం (ఆందోళన తగ్గించడానికి ఇచ్చే, మత్తు కలిగించే మందు) కలిపిన కల్తీ కల్లు ఎక్కువ. అందువల్ల ఆ అంకెను ఇక్కడికి యథాతథంగా తేవడం సరికాదు. కానీ అల్ప్రాజోలానికి అలవాటుపడిన ఒళ్లు ఎంత పెళుసో తెలంగాణకు తెలియనిది కాదు. 2015లో నిజామాబాద్ వంటి జిల్లాల్లో కల్లులో ఆ మందు కలపడం ఆగిపోయినప్పుడు జనం వణుకుతో, మతిభ్రమతో ఆసుపత్రులకు పరుగెత్తారు. ఈ స్థితికి డాక్టరు కావాల్సిందే. మాలాంటివాళ్లం చేయగలిగింది, ఆ మనిషి డాక్టరు దగ్గరికి వెళ్లేదాకా, వెళ్లి వచ్చాక కూడా వెంట ఉండటం.

చట్టం ఈ దారికి అడ్డు కాదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 39వ సెక్షన్, మత్తు వాడినందుకో కొద్ది పరిమాణం ఉన్నందుకో దోషిగా తేలిన వ్యసనపరుడిని, అతని అంగీకారంతో, జైలుకు బదులు చికిత్సకు పంపే అధికారం కోర్టుకు ఇచ్చింది. 2017 మానసిక ఆరోగ్య చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల కలిగే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తెచ్చింది. కొరవడినది గేటుకూ ఆసుపత్రికీ మధ్య నడిపించే మనిషి.

రిమాండుకు వచ్చిన రోజునే, ఇష్టపడినవారి నుంచి అంగీకారం తీసుకుని, వ్యసనం నుంచి కోలుకున్న ఒక తోడు వ్యక్తి నంబరు రికార్డులో రాసుకుని, బెయిలు కాగితాలు అందగానే ఆ నంబరుకు ఒక ఫోను చేయడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. అయితే దీన్ని ఏఏ సంఘానికి అప్పగించేసి ఊరుకుంటే సరిపోదు. మా సంఘం బయటివారి నుంచి విరాళాలు తీసుకోదు, మేం వెళ్లగలిగేది మా తీరికను బట్టే. ప్రభుత్వం గౌరవ వేతనంతో కొందరిని నియమించుకోవాలి. ఆ నియామకంలో పాత కేసు ఉందని దరఖాస్తును పక్కన పడేస్తే, ఈ పనికి అందరికన్నా తగినవారినే పోగొట్టుకున్నట్టవుతుంది. తెలంగాణ జైళ్ల శాఖ నడిపే పెట్రోలు బంకుల్లో విడుదలైనవారు రోజూ డబ్బు లెక్కపెడుతున్నారు. డబ్బు విషయంలో నమ్మినవారిని, తమలాంటి మరో మనిషికి తోడుగా పంపే విషయంలోనూ నమ్మవచ్చు. మహిళా ఖైదీల దగ్గరికి మా బృందం నుంచి వెళ్లడానికి ఇప్పటికీ ఒక్క స్త్రీ సభ్యురాలు కూడా దొరకలేదు. వారికి ఈ ఏర్పాటు ముందుగా చేయాలి.

ఇవి నా సొంత అభిప్రాయాలు, సంఘం తరఫున రాసినవి కావు. పత్రికల్లో పేరు బయటపెట్టకూడదన్నది మా సంప్రదాయం కనుక నా పేరు ప్రచురించవద్దని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు, తెలంగాణ