ఆ స్టిక్కర్ బొట్టు ఇంకా అక్కడే ఉంది

కళ్లు మండుతున్నాయి. రెండు రాత్రులైంది సరిగ్గా పడుకుని. అయినా ఇది రాశాకే పడుకుంటాను.

పలాసలో మాది చిన్న జీడి యూనిట్. పెద్ద కాటా మీద 80 కిలోల గింజల బస్తాలు తూస్తాం, చిన్న కాటా మీద ఆడవాళ్లు ఒలిచిన పప్పు. కిలోల లెక్కనే వాళ్ల కూలి. రెండు కాటాలూ ఒకే లైనక్స్ కంప్యూటర్‌కి తగిలించి ఉంటాయి. కరెంటు పోయి వచ్చాక, కంప్యూటర్ ఆ కాటాలకి పెట్టుకునే పేర్లు టీటీవైయూఎస్‌బీ0, టీటీవైయూఎస్‌బీ1 తారుమారయ్యేవి. మొన్న ఒకావిడ పప్పు తూస్తే తెర మీద బస్తా బరువు పడింది. "నా కూలి ఏటవుద్దమ్మా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

మెషీన్లు అమ్మినవాళ్లకి ఏటా సర్వీసు డబ్బు కడుతున్నాం. ఐదుసార్లు ఫోన్ చేస్తే కంప్లైంట్ క్లోజ్ చేశామని మెసేజ్ వచ్చింది, మనిషి రాలేదు. డబ్బు తీసుకోడానికి అడ్డురాని దూరం మనిషిని పంపడానికి ఎందుకు అడ్డొస్తుంది?

కాశీబుగ్గలో కంప్యూటర్ షాపువాళ్లకి ఇదంతా చెప్పుకుంటుంటే, పెన్‌డ్రైవ్ కొనడానికొచ్చిన ఒక అమ్మాయి విన్నది. "నేను చూడనా అప్పా?" అని (మా వైపు అక్కని అప్ప అంటారు) నా వెంట వచ్చేసింది. సోంపేట వెళ్లే ఆఖరి బస్సు వదులుకుని మరీ.

తగిలించిన మెషీన్‌కి ఏ పేరు పెట్టాలో లైనక్స్‌కి చెప్పేది యూడెవ్ రూల్. తప్పు మా రూల్లోనే ఉంది. సిమ్‌లింక్ దగ్గర, అంటే మెషీన్‌కి మనం పెట్టుకునే మారుపేరు రాసేచోట, మావాడు "పెద్ద కాటా", "చిన్న కాటా" అని మధ్యలో ఖాళీ వదిలి రాశాడు. అక్కడ ఖాళీ వస్తే అది ఒక పేరు కాదు, రెండు లింకులు. అలా పెద్ద, చిన్న, కాటా అని మూడు పుట్టాయి. "కాటా" కోసం రెండు మెషీన్లూ పోటీ పడ్డాయి. లెక్కల ప్రోగ్రాంకి మావాడు ఇచ్చిందీ ఆ పేరే. ఆ అమ్మాయి ఖాళీ తీసి అండర్‌స్కోర్ (_) పెట్టింది.

అంతటితో అవ్వలేదు. కాటాల నుంచి కంప్యూటర్‌కి వచ్చే రెండు కేబుళ్ల పేరూ "యూఎస్‌బీ-సీరియల్ కంట్రోలర్", సీరియల్ నంబరు దేనికీ లేదు. పేరుతో పోల్చలేమని, ఏ పోర్టులో గుచ్చామో దాన్నిబట్టి రూల్ రాసింది. మళ్లీ మేము మార్చి గుచ్చకుండా, తన నుదుటి మీది ఎర్ర స్టిక్కర్ బొట్టు తీసి పెద్ద కాటా పోర్టు పక్కన అంటించింది. మెయిన్ స్విచ్ మూడుసార్లు ఆపి వేసి చూశాం. మూడుసార్లూ ఎవరి బరువు వాళ్లకే పడింది.

అప్పుడు నావైపు తిరిగి, "పొద్దున్నుంచి ఏటైనా తిన్నావా అప్పా?" అంది. అంతే, ఏడ్చేశాను. ఇన్ని రోజుల్లో ఆ మాట అడిగినవాళ్లు లేరు. డబ్బు తీసుకోలేదు, పేరు రాయొద్దంది. తల్లీ, నువ్వు చల్లగా ఉండాలి.

మా ఆయన, అబ్బాయి పక్కనే ఉన్నారు. ఆయనే బండి మీద ఆ పిల్లని సోంపేటలో దించి వచ్చారు.

అయ్యో, మరిచిపోయాను: తూకాలు చేత్తో పుస్తకంలో రాసిపెట్టిన మేస్త్రీ, అర్ధరాత్రి టీ కాచి తెచ్చిన వాచ్‌మన్ తాత, షట్టర్ దించకుండా ఆగిన షాపు కుర్రాడు. ఆ పుస్తకం ఉండబట్టే రేపు కూలి సరిచేసి ఇస్తున్నాం.